ఏటీవీకి కొత్త సైలెన్సర్ వేశాక కార్బురేటర్‌లో ఏ జెట్టు మార్చాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. 2001 మోడల్ హోండా 400ఈఎక్స్ ఏటీవీని (ఇసుకలో, మట్టిలో తోలే నాలుగు చక్రాల బండి) వాడినది కొన్నారు. కంపెనీ సైలెన్సర్ తీసేసి, ఇంజిన్ హెడ్ దగ్గరి బెండు పైపుల నుంచి చివరి డబ్బా వరకు బయటి కంపెనీ సెట్టు మొత్తం బిగించారు. ఎయిర్ ఫిల్టరు, దాని పెట్టె మూత మాత్రం పాతవే. ఇప్పుడు థ్రాటిల్ మీద బొటనవేలు తీయగానే వెనక ఫట్‌ఫట్‌మని పేలుతోంది. ఒక్కసారిగా నొక్కితే క్షణంపాటు తడబడి, ఆ తర్వాతే లాగుతోంది. కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రపు ఇత్తడి ముక్కలే జెట్లు; వాటిలో పెద్దదైన మెయిన్ జెట్టు 170 వేస్తే అన్నీ సర్దుకుంటాయని తోటి రైడరు ఒకరు చెప్పారు. మీరు ఉండేది డల్లాస్ దగ్గర, ఎక్కువగా తోలేది ఓక్లహోమాలోని లిటిల్ సహారా ఇసుక దిబ్బల్లో. 170 వేయాలా అన్నది మీ సందేహం.

వేయవద్దు. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ మెయిన్ జెట్టుతో దాదాపు సంబంధం లేదు. ముందు ఎగ్జాస్టు అతుకుల్లో, కార్బురేటర్ రబ్బరు బూటులో గాలి లీకు లేదని తేల్చుకోండి. తర్వాత పైలట్ జెట్టును, అంటే థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు పెట్రోలు ఇచ్చే చిన్న జెట్టును, 38 నుంచి 40కి, అవసరమైతే 42కి పెంచండి. నీడిల్‌ను, అంటే థ్రాటిల్‌తో పాటు పైకీ కిందికీ కదిలే సూదిని, ఒక్క మెట్టు పైకి లేపండి. మెయిన్ జెట్టు మీ బండిలో కంపెనీ వేసిన 148 అయితే 155తో మొదలుపెట్టి, పరీక్షించి, అవసరమైతే 152కి దిగండి. ఎయిర్ బాక్స్ మూత ఉన్నంత వరకు మీకు అంతకు మించి అవసరం పడకపోవచ్చు. అయితే ఈ అంకెలన్నీ ప్రయాణం మొదలుపెట్టే చోటు మాత్రమే. మీ బండి మీకంటే ముందు ఎవరి చేతుల్లో ఉందో తెలియదు కాబట్టి, లోపల ఇప్పుడున్న జెట్ల మీద ఏ అంకెలు చెక్కి ఉన్నాయో విప్పి చూసి రాసుకోండి. నా దగ్గరకు వచ్చిన పాత బండ్లలో సగానికి పైగా ఎవరో ఒకరు ముందే జెట్లు మార్చినవే.

ఇప్పుడు ఎందుకో చెబుతాను. ఇది తెలిస్తే రేపు ఇంకో బండికి కూడా మీకు పనికొస్తుంది.

ఇబ్బంది థ్రాటిల్ ఏ స్థానంలో వస్తోందో చూస్తే, ఏ భాగం మార్చాలో తెలుస్తుంది. కార్బురేటర్ పని అంతా ఈ ఒక్క మాట మీద నడుస్తుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు తెరిచే దాకా పెట్రోలు ఇచ్చేది పైలట్ జెట్టు, దాని పక్కనుండే మిశ్రమం స్క్రూ. అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడు (థ్రాటిల్ నొక్కితే పైకి లేచే తలుపు) అడుగున కోసిన ఏటవాలు, నీడిల్ పైభాగం మందం. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ కొన వైపు సన్నబడే తీరు, దాని క్లిప్పు ఏ గాడిలో ఉందన్నది. ముప్పావు దాటి పూర్తిగా తెరిస్తేనే మెయిన్ జెట్టుది పెత్తనం. ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదాని మీదికి ఒకటి కొంత ఒరుగుతాయి. అయినా తొంభై శాతం సమస్యలకు ఈ లెక్క చాలు.

ఇప్పుడు మీ లక్షణాలు చూడండి. బొటనవేలు తీసినప్పుడు పేలుతోంది అంటే థ్రాటిల్ మూసి ఉంది. అంటే పైలట్. ఒక్కసారిగా నొక్కినప్పుడు తడబడుతోంది అంటే మూసిన స్థానం నుంచి సగానికి వెళ్లే దారిలో. అంటే పైలట్, నీడిల్. పూర్తిగా నొక్కి పట్టుకున్నప్పుడు ఇబ్బంది ఉందని మీరు రాయలేదు. మరి 170 మెయిన్ జెట్టు దేనికి మందు?

ఈ పాఠం నేను అమెరికాలో నేర్చుకున్నది కాదు. 1990ల మొదట్లో విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డులో సెలవుల్లో పనిచేసేవాడిని. ఒకాయన బుల్లెట్ 350 సైలెన్సర్‌లో లోపలి గొట్టం తీయించేశారు, శబ్దం కోసం. పికప్ పోయిందని, వెనక పేలుతోందని షెడ్డుకు తెచ్చారు. అప్పటికే ఇంకో చోట మెయిన్ జెట్టు పెద్దది వేయించారు, ఏమీ తేడా రాలేదు. ఆ బండికి ఉండేది 24 మిల్లీమీటర్ల మిక్‌కార్బ్ కార్బురేటర్, కంపెనీ మెయిన్ జెట్టు 90. మామయ్య పానా కూడా పట్టుకోలేదు. హ్యాండిల్ గ్రిప్పు మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి, “ఒక రౌండు వేసి రండి, ఏ గీత దగ్గర తడబడిందో చెప్పండి చాలు” అన్నారు. ఆయన తిరిగొచ్చి మొదటి గీత దాటకముందే అన్నారు. మామయ్య పెద్ద జెట్టు తీసి పాత 90 వేసి, పైలట్ ఒక్క సైజు పెంచి, స్క్రూ సరిచేసి పంపించారు. మెయిన్ మీద ఖర్చు పెట్టిన వాళ్లందరికీ నేను ఈ రోజుకీ ఆ నాలుగు గీతల సంగతే చెబుతాను.

మీది గ్రిప్పు తిప్పే థ్రాటిల్ కాదు, బొటనవేలితో నొక్కేది. అయినా పద్ధతి అదే. లివర్ పక్కన ఉండే డబ్బా మీద తెల్ల టేపు అంటించి, లివర్ మూసి ఉన్న చోట, పావు, సగం, ముప్పావు, పూర్తి దగ్గర మార్కరుతో గీతలు పెట్టండి. కంటికి కనిపించే గీత లేకుండా మనిషి అంచనా చాలా తప్పుతుంది. సగం నొక్కాననుకున్న వాడు పావు దగ్గరే ఉంటాడు. నా అనుభవంలో ఇది దాదాపు అందరికీ జరిగింది.

ఇక సైలెన్సర్ మారిస్తే మిశ్రమం ఎందుకు పలచబడుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు ఎందుకు అందదు? చాలామంది “గాలి ఎక్కువ పోతుంది కాబట్టి పెట్రోలు తక్కువవుతుంది” అని వదిలేస్తారు. అందులో సగమే నిజం. కార్బురేటర్ గొంతులో గాలి వేగం పెరిగితే అక్కడ పీడనం ఇంకా పడిపోతుంది, కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలోంచి పెట్రోలు కూడా ఎక్కువ పైకొస్తుంది. అంటే గాలి పెరిగిన కొద్దీ పెట్రోలునూ అదే కొంత పెంచుకుంటుంది. అందుకే సైలెన్సర్ ఒక్కటి మారిస్తే మెయిన్ జెట్టు పెద్ద గెంతు వేయాల్సిన పని లేదు.

కానీ రెండు మూడు సంగతులు కలిసి వస్తాయి. కంపెనీ బండిని పొగ తక్కువ రావాలని, పెట్రోలు ఆదా కావాలని, మొదటి నుంచే కాస్త పలచటి మిశ్రమంతో పంపుతుంది. చేతిలో మిగులు ఉండదు. ఎగ్జాస్టు వాల్వు తెరిచిన ప్రతిసారీ పైపులో ఒక పీడన తరంగం పరుగెత్తుతుంది. పైపు పొడవు, డబ్బా లోపలి నిర్మాణం మారితే ఆ తరంగం తిరిగొచ్చే సమయం మారుతుంది. రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే ఆ కొద్ది క్షణంలో అది ఇన్‌టేక్ వైపు గాలి కదలికనూ మారుస్తుంది. అందుకే ఒక వేగం దగ్గర బండి చక్కగా, ఇంకో వేగం దగ్గర ఆకలిగొన్నట్టు ఉంటుంది. మూడోది మనం పోయించుకునే పెట్రోలు. ఇక్కడి బంకుల్లో దాదాపు అంతటా 10 శాతం ఇథనాల్ కలిసే వస్తుంది. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్ కలిసినదానికి సుమారు 14.1 పాళ్లు చాలు. అంటే అదే జెట్టుతో మిశ్రమం దాదాపు నాలుగు శాతం పలచబడినట్టే. 2001లో తయారైన బండికి ఈ కొద్దిపాటి తేడా మీద సైలెన్సర్ తేడా వచ్చి పడింది.

మరి 170 ఎంత పెద్దదో లెక్క వేద్దాం. మీ కార్బురేటర్ తయారుచేసిన కంపెనీ కెయిహిన్. దాని మెయిన్ జెట్టు మీది అంకె దాదాపుగా రంధ్రం వ్యాసాన్ని చెబుతుంది. 148 అంటే 1.48 మిల్లీమీటర్లు. పెట్రోలు పోయేది వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి. వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 148 నుంచి 155కి వెళితే రంధ్రం వైశాల్యం సుమారు 10 శాతం పెరుగుతుంది. అదే 170కి వెళితే 32 శాతం. సైలెన్సర్ ఒక్కటి మార్చినందుకు మూడో వంతు పెట్రోలు ఎక్కువ తాగించే అవసరం ఏ ఇంజిన్‌కూ రాదు. మీ మిత్రుడి బండికి మూత తీసేసిన ఎయిర్ బాక్స్, పెద్ద కామ్, పెంచిన పిస్టను ఉండి ఉంటే ఆయనకు 170 సరిపోయి ఉండవచ్చు. ఆయన బండికి కుదిరిన అంకె మీ బండికి కుదరాలని లేదు.

ఇక్కడే ఇంకో మాట. మికుని అనే ఇంకో కార్బురేటర్ కంపెనీ అంకె, కెయిహిన్ అంకె ఒకటి కావు. మికుని ఆరుపలకల మెయిన్ జెట్ల మీద అంకె నిమిషానికి ఎంత ద్రవం పోతుందో చెబుతుంది. కెయిహిన్ అంకె వ్యాసాన్ని చెబుతుంది. జెట్ కిట్లు అమ్మే కొన్ని కంపెనీల అంకెలు ఈ రెండింటికీ భిన్నం. యమహా తోలేవారి అంకె తెచ్చి హోండాలో వేయకండి. ఏ జెట్టు కొన్నా మీ కార్బురేటర్ తయారీదారుదే కొనండి. ఒక్కొక్కటి కొద్ది డాలర్లే, కాబట్టి పైలట్ 40, 42, మెయిన్ 150, 152, 155, 158 అన్నీ ఒకేసారి తెప్పించుకోండి. పరీక్ష మధ్యలో ఆగి ఆర్డరు కోసం వారం ఎదురుచూస్తే, ఎక్కడి దాకా వచ్చారో మీరే మరిచిపోతారు.

ఇప్పుడు పని వరుస.

మొదట లీకులు. మీ బండికి హెడ్‌లోంచి రెండు ఎగ్జాస్టు పైపులు వస్తాయి. రెండింటి దగ్గరా నలిగే రింగు ప్యాకింగులు ఉంటాయి. పైపు విప్పిన ప్రతిసారీ అవి కొత్తవి వేయాలి. ఒకసారి నలిగినది రెండోసారి సరిగ్గా కూర్చోదు. థ్రాటిల్ వదిలినప్పుడు పైపులో కాలని పెట్రోలు ఆవిరి కొంత ఉంటుంది. అతుకులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటే అది పైపులోనే అంటుకుని పేలుతుంది. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, వేడెక్కకముందే అతుకుల దగ్గర సన్నటి కాగితం ముక్క పట్టుకుని చూడండి. అల్లాడితే లీకు. అతుకు చుట్టూ నల్లటి మసి గీతలున్నా అంతే. డబ్బాకు, పైపుకు మధ్య ఉండే అతుకును వేడి తట్టుకునే సిలికాన్‌తో మూయవచ్చు. హెడ్ దగ్గర మాత్రం కొత్త ప్యాకింగే దారి. పేలుడు గురించి నన్ను అడిగినవారిలో చాలామందికి ఇక్కడితోనే పని అయిపోయింది, జెట్టు ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

ఆ తర్వాత కార్బురేటర్‌కు, ఇంజిన్‌కు మధ్య ఉండే రబ్బరు బూటు. ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు టెక్సస్ ఎండలో పగుళ్లు తేలకుండా ఉండదు. చేత్తో వంచి చూడండి, పగులు నోరు తెరిస్తే మార్చేయండి. ఐడిలింగ్‌లో ఉంచి బూటు మీద కార్బ్ క్లీనర్ చల్లి వేగం మారుతుందేమో చూసే పద్ధతి ఉంది, కానీ పైపు వేడిగా ఉంటే అది అంటుకుంటుంది. చల్లటి ఇంజిన్ మీదే, ఆరుబయట, మంటలార్పే సిలిండరు చేతికి అందేలా పెట్టుకుని చేయండి. ఎయిర్ ఫిల్టరు స్పాంజిని కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి వేయండి. మురికి ఫిల్టరుతో జెట్టు సరిచేస్తే, ఫిల్టరు శుభ్రం చేసిన రోజున మళ్లీ మొదటికొస్తుంది.

ఇక కార్బురేటర్ విప్పడం. ఇక్కడ మీరు ఒక్క మాట కచ్చితంగా వినాలి. కారు గ్యారేజీలో తలుపులు మూసి ఈ పని చేయకండి. ఇక్కడి ఇళ్లలో చాలా చోట్ల గ్యాస్ వాటర్ హీటరు గ్యారేజీలోనే ఉంటుంది. దానిలో చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండవచ్చు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. మా ఇంట్లో ఒకసారి ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు పళ్లెంలోకి వంపి, దాన్ని హీటరుకు ఆరడుగుల దూరంలో ఉంచి లోపలికి వెళ్లాను. మా ఆవిడ వాసన పట్టి తలుపు తెరవకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అప్పటి నుంచి కార్బురేటర్ పని ఆరుబయటే. ఇంజిన్ నడపడం కూడా బయటే. గ్యారేజీలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది ఇంట్లోకీ వస్తుంది.

ట్యాంకు కాక్ మూసి, గిన్నెలోని పెట్రోలు వదిలి, రెండు వైపులా క్లాంపులు వదులు చేస్తే కార్బురేటర్‌ను పూర్తిగా ఊడదీయకుండానే పక్కకు తిప్పి గిన్నె విప్పవచ్చు. గిన్నె స్క్రూలు ప్లస్ గుర్తులా కనిపించినా అవి జపాన్ ప్రమాణం స్క్రూలు. అమెరికాలో దొరికే మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటి తలను తినేస్తుంది. జపాన్ రకం డ్రైవర్ ఒకటి కొనుక్కోండి, లేదా మొదటిసారి విప్పగానే వాటి బదులు ఆలెన్ బోల్టులు వేయండి. జెట్లు ఇత్తడివి, మెత్తన. గాడిలో సరిగ్గా పట్టే వెడల్పు డ్రైవరే వాడాలి, బిగించేటప్పుడు చేతిమణికట్టు బలం చాలు. రంధ్రం మూసుకుపోయిందని తీగ పెట్టి కెలకకండి, క్లీనరుతో, గాలితో ఊదండి. డ్రిల్లుతో రంధ్రం పెద్దది చేసేవారు ఉన్నారు. దాని లోపలి అంచు ఏ ఆకారంలో వస్తుందో ఎవరికీ తెలియదు, తర్వాత ఏ అంకెతోనూ పోల్చుకోలేరు.

నీడిల్ దగ్గర ఒక చిక్కు అందరినీ పట్టుకుంటుంది. క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. నీడిల్‌కు ఒకే గాడి ఉంటే క్లిప్పు కింద అర మిల్లీమీటరు మందం సన్నటి వాషర్ వేస్తే చాలు. స్లైడు తిరిగి దించేటప్పుడు దాని పక్క గాడి సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. మూత బిగించాక, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, థ్రాటిల్ నొక్కి వదిలి ‘టక్’మని మూసుకుంటోందో లేదో చూడండి. హ్యాండిల్‌ను ఎడమ చివరికి, కుడి చివరికి తిప్పి మళ్లీ చూడండి. థ్రాటిల్ తెరిచిపోయి ఇరుక్కుంటే ఏటీవీ మీద ఆలోచించే సమయం ఉండదు.

మిశ్రమం స్క్రూ విషయంలో ముందు అది ఏ వైపు ఉందో చూడండి. స్లైడుకు ఇంజిన్ వైపున ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఎయిర్ ఫిల్టరు వైపున ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే పలచబడుతుంది. మీ హోండాకు ఇంజిన్ వైపు, అడుగున ఉంటుంది. దాని తల మామూలు డ్రైవర్‌కు అందనిదైతే అందుకు తగిన ప్రత్యేక పనిముట్టు దొరుకుతుంది. మెల్లగా లోపలికి పూర్తిగా తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. బలంగా బిగిస్తే దాని మొన కార్బురేటర్ లోపలి సీటును పాడుచేస్తుంది. అక్కడి నుంచి రెండు చుట్లు బయటికి తీసి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పండి. ఐడిలింగ్ ఎక్కడ అన్నిటికన్నా వేగంగా, నిలకడగా ఉందో అక్కడ ఆపండి. ఆ చోటు ఒక చుట్టు లోపే ఉంటే పైలట్ జెట్టు పెద్దదైంది. మూడు చుట్లు దాటితే చిన్నదైంది, ఒక సైజు పెంచండి. పైలట్ జెట్టు సరైనదో కాదో ఇంత తేలికగా చెప్పే పరీక్ష మరొకటి లేదు. అయినా దీన్ని చేయకుండానే మెయిన్ మీద పడతారు.

పలచనా చిక్కనా అని అనుమానం వస్తే, మిశ్రమాన్ని చిక్కబరిచే మీట అయిన చోక్ సాయం అడగండి. తడబడే ఆ వేగం దగ్గరే నడుపుతూ చోక్ కొద్దిగా లాగండి. బండి బాగుపడితే మిశ్రమం పలచన. ఇంకా మొరాయిస్తే చిక్కన. మెయిన్ జెట్టుకు వేరే పరీక్ష ఉంది. పొడవాటి, ఎదురుగా ఎవరూ లేని చోట నాలుగో గేరులో పూర్తిగా నొక్కి పట్టి, వేగం నిలకడకు వచ్చాక లివర్‌ను కొద్దిగా వెనక్కి తీయండి. ఆ క్షణంలో బండి ముందుకు తన్నినట్టు లాగితే మెయిన్ చిన్నది. గరగరమని దగ్గినట్టు ఉంటే పెద్దది. ఏమీ కాక మెల్లగా వేగం తగ్గితే సరిపోయింది.

ప్లగ్ రంగు చూసే అలవాటు గురించి కూడా చెప్పాలి. ఆటోనగర్‌లో ఇటుక రంగు ప్లగ్ అంటే బండి బాగున్నట్టు. అది సీసం కలిపిన పెట్రోలు రోజుల లెక్క. ఇప్పటి పెట్రోలు అంత రంగు ఇవ్వదు, ప్లగ్ కొన తెల్లగా కనిపించినా మిశ్రమం సరిగానే ఉండవచ్చు. కొత్త ప్లగ్ వేసి, పూర్తి థ్రాటిల్ పరుగు చివర క్లచ్ పట్టి కిల్ స్విచ్ నొక్కి ఆపి, ప్లగ్ చల్లారాక తీసి, పింగాణీ అడుగున లోపలికి ఉండే మసి రింగు చూడండి. సన్నటి లేత గోధుమ రంగు రింగు ఉంటే చాలు. రింగే లేకపోతే పలచన. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలో, మెరిసే చిన్న గుండ్లో కనిపిస్తే బండి వెంటనే ఆపేయండి. ఆ మెరుపు మీ పిస్టన్ అల్యూమినియం.

దీని మీద నాకు అంత పట్టుదల ఎందుకో చెబుతాను. చాలా ఏళ్ల కిందట మిత్రుడొకరి రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఏటీవీకి ఆగస్టులో, 40 డిగ్రీల సెల్సియస్ ఎండలో, ఇద్దరం కలిసి జెట్లు సరిచేశాం. అద్భుతంగా నడిచింది. జనవరిలో సున్నా డిగ్రీల దగ్గర అదే జెట్లతో దిబ్బల మీదికి తీసుకెళ్లాడు. 40 డిగ్రీల గాలితో పోలిస్తే సున్నా డిగ్రీల గాలి సుమారు 15 శాతం చిక్కన. అంటే అంత గాలి ఎక్కువ, పెట్రోలు మాత్రం అంతే. టూ స్ట్రోక్‌లో పెట్రోలుతోనే ఆయిలూ వెళుతుంది కాబట్టి ఎండిపోవడం రెండింతలు. రెండో పెద్ద దిబ్బ ఎక్కుతుండగా ఒక పిస్టను నడినెత్తిన రంధ్రం పడింది. తప్పు నాది కూడా. వేసవిలో సరిపోయే అంచు దాకా జెట్టు తగ్గించి, చలికాలానికి ఒక సైజు పెంచుకోమని చెప్పలేదు. మీది ఫోర్ స్ట్రోక్, అంత సున్నితం కాదు. అయినా మొదలు ఎప్పుడూ చిక్కటి వైపు నుంచే పెట్టండి. కాస్త చిక్కగా ఉంటే ప్లగ్ నల్లబడుతుంది, లాగుడు మందగిస్తుంది, ప్లగ్ మారిస్తే పోతుంది. పలచగా ఉంటే పిస్టను పోతుంది. అలాగని మరీ చిక్కగా నెలల తరబడి తోలితే పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, కింద ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. 170 వద్దన్నది అందుకే.

ఎత్తు సంగతి. లిటిల్ సహారా సముద్రమట్టానికి దాదాపు 1,500 అడుగులు. డల్లాస్‌తో తేడా చిన్నదే, జెట్టు మార్చక్కర్లేదు. కొలరాడో కొండలకు, 10,000 అడుగుల దాకా తీసుకెళితే మాత్రం గాలి సాంద్రత పావు వంతుకు పైగా తగ్గుతుంది. అక్కడ ఇదే జెట్టుతో బండి నల్లటి పొగ వేసి మొరాయిస్తుంది. కంపెనీ 148నో, ఇంకా చిన్నదో వెంట పట్టుకెళ్లండి. తిరిగి కిందికి వచ్చాక పెద్దది వేయకుండా తోలవద్దు.

కొత్త డబ్బాలో నిప్పురవ్వలు ఆపే జాలీ ఉందో లేదో కూడా చూసుకోండి. అమెరికా అటవీ శాఖ భూముల్లో తోలాలంటే అది తప్పనిసరి. ఎండుగడ్డి కాలంలో ఒక్క రవ్వ ఏం చేస్తుందో ఇక్కడ ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. ఆ జాలీ తీసేస్తే శక్తి పెరుగుతుందని తీయించేవారి మాట వినకండి. జాలీ ఉంచి జెట్టు సరిచేస్తే తేడా బొటనవేలికి తెలియదు. కాలిఫోర్నియాకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే, 1986 నుంచి తయారైన బండ్లకు అక్కడ శబ్దం హద్దు 96 డెసిబెల్స్ అని గుర్తుంచుకోండి. ఇంకొక మాట, పొగ చట్టాల గురించి. మీది 2001 బండి కాబట్టి ఇబ్బంది లేదు. 2006 నుంచి ఏటీవీలకు సమాఖ్య పొగ ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఆ ప్రమాణాల కింద ధ్రువీకరించిన బండ్ల కార్బురేటర్ అమరికలు మార్చే ముందు చట్టం ఏమంటుందో చూసుకోవాలి.

చివరిగా, ఒకసారికి ఒక్కటే మార్చండి. పైలట్, నీడిల్, మెయిన్ మూడూ ఒకే సాయంత్రం మార్చేస్తే, బాగుపడినా దేనివల్లనో తెలియదు, చెడినా తెలియదు. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని తేదీ, ఉష్ణోగ్రత, జెట్ల అంకెలు, స్క్రూ చుట్లు, ఏ గీత దగ్గర ఏమైందో రాయండి. నా పుస్తకంలో ఇరవై ఏళ్ల కిందటి అంకెలు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

ముందు ప్యాకింగులు, బూటు చూసి, 38 పైలట్‌తోనే స్క్రూ పరీక్ష ఒకసారి చేయండి. బాగా నడిచే చోటు ఎన్ని చుట్ల దగ్గర వచ్చిందో, లోపల మెయిన్ జెట్టు మీద ఏ అంకె ఉందో ఇక్కడ రాయండి. 40 చాలో, 42 కావాలో అప్పుడు కచ్చితంగా చెప్పగలను.